మిగిలిన నూలు ఉండలతో రంగురంగుల మసిగుడ్డలు

దుకాణంలో ‘ఊలు’ అని అడిగితే ఇచ్చే ఉండల్లో చాలావాటిలో అసలు ఊలే ఉండదు, అది యాక్రిలిక్. స్వెటర్‌కో, బొమ్మకో బాగానే ఉంటుంది గానీ మసిగుడ్డకు పనికిరాదు. నీళ్ళు పీల్చదు, గట్టు తుడిస్తే తడిని అటూ ఇటూ నెట్టుతుంది. వేడి గిన్నె తగిలితే కరిగి చేతికి అంటుకుంటుంది. అసలైన ఉన్ని పెట్టినా కష్టమే. వేడినీళ్ళలో రుద్దేసరికి ముడుచుకుపోయి గట్టి ముద్ద అవుతుంది. క్రోషేతో, అంటే కొక్కెం సూదితో అల్లే వంటింటి గుడ్డకు నూలు ఒక్కటే సరైనది. బుట్టలో మిగిలిన ఉండల్ని ముందు ఈ లెక్కన వేరు చేయాలి.

లేబుల్ పోయిన ఉండ ఏదో తెలియాలంటే ఒక అంగుళం ముక్క కత్తిరించి, పట్టకారుతో పట్టుకుని, సింకు మీద కాల్చి చూడండి. నూలు కాగితంలా మండి, కాగితం కాలిన వాసన వేసి, ముట్టుకుంటే రాలిపోయే మెత్తటి బూడిద అవుతుంది. యాక్రిలిక్ కరిగి నల్లటి గట్టి పూస కడుతుంది. ఉన్నికి వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. బూడిదలో గట్టి పూస తగిలిందంటే కల్తీ దారమే, దాన్ని పక్కన పెట్టండి. ‘మిల్క్ కాటన్’ అని అమ్మే రకాల్లో చాలావాటిలో యాక్రిలిక్ కలిసి ఉంటుంది, లేబుల్ మీద శాతం చదివి తీసుకోవాలి.

మిగిలిన నూలుతో అల్లేటప్పుడు వచ్చే అసలు ఇబ్బంది మందం. రంగులు ఎన్నయినా కలపవచ్చు, మందాలు మాత్రం కలపకూడదు. సన్నటి దారంతో అల్లిన వరస లోపలికి గుంజుకుంటుంది, లావు దారం వరస బయటికి ఉబ్బుతుంది, చివరికి గుడ్డ అంచు రంపంలా తయారవుతుంది. కొలవడం తేలికే. స్కేలు మీద ఒక అంగుళం మేర దారాన్ని పక్కపక్కనే, లాగకుండా, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా చుట్టండి. 8 నుంచి 10 చుట్లు పడితే ఈ గుడ్డకు సరిపోయే మందం. 14 చుట్లు పడిందంటే సన్నది, రెండు పోగులు కలిపి మళ్ళీ చుట్టి చూడండి. నర్సాపురం లేసుకు వాడే సన్న దారం మిగిలి ఉంటే అదీ నూలే కాబట్టి పారేయక్కర్లేదు, అంగుళానికి 8–10 చుట్లు వచ్చేదాకా పోగులు కలుపుకుంటూ పోవాలి. కలిపిన పోగుల్లో రెండు రంగులు ఉంటే చుక్కలు చల్లినట్టు భలే వస్తుంది. లేసు అల్లే సన్నటి ఉక్కు సూది మాత్రం దీనికి చాలదు. 4.5 మి.మీ. క్రోషే సూది తీసుకోండి. చెయ్యి బిగుతుగా ఉండేవాళ్ళకు 5 మి.మీ. మేలు.

20 సెం.మీ. చదరం గుడ్డకు మొత్తం 40–45 గ్రాముల నూలు పడుతుంది. ఒక్కో వరసకు సుమారు గ్రాము, అంటే ఒకటిన్నర మీటరు. రెండు వైపులా 15 సెం.మీ. కొసలు వదలాలి కనుక, 2 మీటర్ల కంటే తక్కువ ఉన్న ముక్కతో వరస పూర్తి కాదు. ఆ ముక్కల్ని వేరే డబ్బాలో వేయండి, వాటికి వేరే పని ఉంది. చుట్టూ అంచుకు 5–6 గ్రాములు ఒకే రంగు కావాలి. అన్నిటికంటే పెద్ద ఉండను దానికోసం ముందే తీసి పెట్టుకోండి. ఆ అంచు రంగునే మధ్యలో ప్రతి నాలుగో వరసకు ఒకసారి వేస్తే, ఎన్ని పొంతన లేని రంగులున్నా గుడ్డ ఒక్కటిగా కనిపిస్తుంది.

రంగు దిగుతుందో లేదో అల్లకముందే చూడాలి. ఎరుపు, ముదురు నీలం, నలుపు దారాల్ని ఒక మూర చొప్పున వేడినీళ్ళలో ముంచి, తెల్లగుడ్డలో పెట్టి పిండండి. మరక పడితే ఆ ఉండను తెలుపు, లేత రంగుల పక్కన వేయకండి, ముదురు రంగులన్నీ కలిపి విడిగా ఒక గుడ్డ అల్లుకోండి. ఉప్పునీళ్ళలోనో వెనిగర్‌లోనో నానబెడితే రంగు నిలుస్తుందని చాలామంది చెబుతారు గానీ, ఒకసారి అద్దిన నూలుకు దానివల్ల ఒరిగేది లేదు.

అల్లిక రకాల్లో ఈ పనికి మా ఓటు మాస్ స్టిచ్‌కే. ఒక సింగిల్ క్రోషే (వేసే తీరు కింద ఉంది), ఒక చైన్ (సూది మీది లూపులోంచి నూలును ఒకసారి లాగితే పడే గొలుసు కుట్టు), మళ్ళీ సింగిల్, మళ్ళీ చైన్, అంతే. కింది వరస రంగు పై వరసలోకి చొచ్చుకొస్తుంది కనుక రంగు మారిన చోట గీత గీసినట్టు కనిపించదు. గుడ్డ పలచగా, మెత్తగా వస్తుంది, త్వరగా ఆరుతుంది. మధ్య నుంచి బయటికి కన్నాలతో అల్లే గ్రానీ స్క్వేర్ చూడటానికి అందమే, కానీ ఆ కన్నాల్లో మెతుకులు ఇరుక్కుంటాయి.

ముందు 36 చైన్లు వేయండి. చైన్ల సంఖ్య ఎప్పుడూ సరి సంఖ్యే కావాలి. మొదలు బిగిస్తే గుడ్డ అడుగున ఇరుకై పైకి వెడల్పవుతుంది, అందుకని ఈ చైన్లకు మాత్రం అర మి.మీ. పెద్ద సూది వాడటం మంచిది.

మొదటి వరస: సూది నుంచి నాలుగో చైన్‌లో సింగిల్ క్రోషే వేయాలి. సూది గుచ్చి, నూలు తగిలించి ఇవతలికి లాగితే సూది మీద రెండు లూపులుంటాయి. మళ్ళీ నూలు తగిలించి ఆ రెండింటిలోంచీ ఒకేసారి లాగేస్తే అది ఒక సింగిల్. (బ్రిటిష్ పద్ధతిలో రాసిన పుస్తకాల్లో దీన్నే డబుల్ క్రోషే అంటారు. పేరు చూసి కాదు, వివరణ చూసి అల్లండి.) తర్వాత ఒక చైన్ వేసి, కింద ఒక చైన్ వదిలి, ఆ పక్కదానిలో సింగిల్. చివరిదాకా ఇలాగే. వరసలో మొత్తం 17 సింగిల్స్ రావాలి.

రెండో వరస నుంచి అన్నీ ఒకటే తీరు. 2 చైన్లు వేసి, అల్లినదాన్ని వెనక్కి తిప్పండి. కింద చైన్ వేసిన చోట ఏర్పడిన సందులోకి సూది గుచ్చి సింగిల్ వేసి, ఒక చైన్, మళ్ళీ పక్క సందులో సింగిల్. కింది సింగిల్ నెత్తిన ఎప్పుడూ గుచ్చకూడదు. చివరి సింగిల్, కింది వరస మొదట్లో వేసిన 2 చైన్ల సందులోకి (రెండో వరసలోనైతే మొదట్లో వదిలిన 3 చైన్ల సందులోకి) వెళ్ళాలి. కొత్తవాళ్ళు వదిలేసేది సరిగ్గా దీన్నే. ఒక్కో వరసకు ఒక్కోటి తగ్గుతూ పోయి గుడ్డ ముక్కోణం వైపు నడుస్తుంది. మొదటి పది వరసలూ ప్రతిసారీ 17 లెక్కపెట్టండి, ఆ తర్వాత కన్నే పట్టేస్తుంది.

రంగు మార్చడం కొత్త వరస మొదట్లో కాదు, పాత వరస చివరి సింగిల్‌లోనే. సూది మీద రెండు లూపులు ఉండగా పాత దారాన్ని వదిలి, కొత్త రంగును తగిలించి ఆ రెండింటిలోంచీ లాగండి. ఇక వేసే 2 చైన్లూ కొత్త రంగులోనే వస్తాయి. సింగిల్ పూర్తయ్యాక మారిస్తే అంచున పాత రంగు చుక్క మిగిలిపోతుంది. రెండు దారాల్నీ ముడేసి అల్లుకుపోవడం తేలికే గానీ, సబ్బునీళ్ళలో రుద్దే గుడ్డలో నూలు ముడి నిలవదు, వీడిపోయిన చోట కన్నం పడుతుంది. ముడి వద్దు, 15 సెం.మీ. కొస వదలండి. ఆ కొసను కింది వరస మీద పరిచి, సందుల్లో వేసే సింగిల్స్‌తో కప్పుకుంటూ పోతే సగం పని అక్కడే అయిపోతుంది.

36 వరసల దగ్గర గుడ్డను మూల నుంచి మూలకు మడిచి చూడండి. అంచులు కలిస్తే చదరం కుదిరినట్టే, లేకపోతే ఒకటి రెండు వరసలు వేయాలి లేదా విప్పాలి.

అంచు రంగుతో చుట్టూ సింగిల్ క్రోషే వేయండి, మూలల్లో ఒకే చోట మూడేసి. పైనా కిందా 34 చొప్పున తేలికగా పడతాయి. పక్కల మాత్రం వరసకొకటి వేస్తే కొంచెం ఎక్కువై అంచు అప్పడంలా అలలు తిరుగుతుంది, సుమారు పది వరసలకు ఒకటి వదిలి అక్కడా 34 దగ్గరకు తేవాలి. అంచు లోపలికి ముడుచుకుంటే కుట్లు తక్కువ పడ్డాయని అర్థం. చివరి మూలలో 12 చైన్లు వేసి అదే మూలకు స్లిప్ స్టిచ్‌తో (సూది గుచ్చి తగిలించిన నూలును సూది మీది లూపులోంచి కూడా ఒకేసారి లాగేసి) కలిపితే మేకుకు తగిలించుకునే ఉచ్చు వస్తుంది.

కొసలు దాచడంలో తొందరపడితే పది ఉతుకుల్లో బయటపడతాయి. మొన మొద్దుగా ఉన్న లావు సూదికి ఎక్కించి, అదే రంగు వరసలో 5 సెం.మీ. ముందుకు పోనిచ్చి, ఒక పోగు దాటి వెనక్కి తెచ్చి, మళ్ళీ ముందుకు నడపండి. వెంటనే మొదలంటా కత్తిరించకండి. ఒక సెంటీమీటరు వదిలి, ఒకసారి ఉతికి ఆరాక కత్తిరించండి. నూలు అప్పటికి సర్దుకుని ఉంటుంది.

గుడ్డ అట్టలా బిగిసిందంటే సూది చిన్నదైంది, రెండు రోజులకే సాగి వేలాడుతుంటే పెద్దదైంది. రెండింటికీ మందు విప్పి అర మి.మీ. మార్చి అల్లడమే.

ఈ ఒంటిపొర గుడ్డ తుడవడానికి. పొయ్యి మీది గిన్నె దించాలంటే నాలుగు మడతలు వేసి, పొడిగా ఉన్నప్పుడే పట్టుకోండి. తడిగుడ్డలోంచి వేడి ఒక్క క్షణంలో చేతికి చేరుతుంది. ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ వాడొద్దు, పోగుల మీద పొర కట్టి పీల్చే గుణం తగ్గిస్తుంది. పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడితే కంగారు పడక్కర్లేదు, పసుపు గుణమే అది. బాగా జాడించి ఎండలో వేస్తే రెండు మూడు రోజుల్లో వెలిసిపోతుంది.

డబ్బాలో వేసిన 2 మీటర్ల లోపు ముక్కల్ని నాలుగైదు కలిపి పట్టుకుని 8 మి.మీ. సూదితో గుండ్రంగా అల్లితే, వేడి గిన్నె కింద పెట్టే మందపాటి మ్యాట్ అవుతుంది. ముక్క అయిపోయే చోట కొత్తది కలుపుకుంటూ పోండి, మందంలో కొసలు వాటంతట అవే దాగుతాయి.