ఫిన్లాండ్ అడవిలో హార్వెస్టర్ ఎక్కబోయే మనవాళ్లకు

ఊళ్లో వరికోత మిషనో జేసీబీయో నడిపిన చెయ్యి అయితే, చెట్లు కోసి దుంగలు చేసే ఈ హార్వెస్టర్ జాయ్‌స్టిక్‌లు తొందరగానే అలవాటవుతాయి. శిక్షణలో ముందు సిమ్యులేటర్ మీద కూర్చోబెడతారు. అక్కడ ఎన్ని చెట్లు పాడుచేసినా నష్టం లేదు, మొహమాటపడకుండా గంటల తరబడి కూర్చోండి. నన్ను అలసిపోయేలా చేసింది చేతుల పని కాదు, బుర్రకు పెట్టే పని.

ఒక్క చెట్టునే చూడండి. బూమ్ (మిషను పొడవాటి చెయ్యి) చివరనున్న హెడ్ చెట్టు మొదలును పట్టుకుని కోస్తుంది, రోలర్లు మానును లాగుతుంటే కత్తులు కొమ్మలు చెక్కేస్తాయి, పొడవు కొలిచి ముక్కలు చేస్తుంది. మామూలు చెట్టుకు నిమిషం కూడా పట్టదు. ఎక్కడ కోస్తే ధర పలుకుతుందో కంప్యూటర్ చెబుతుంది గానీ, వంకరలూ కుళ్లూ మీరే కనిపెట్టాలి. ఈ చెట్టు చేతిలో ఉండగానే కళ్లు తర్వాతి చెట్టు మీదుండాలి: దాన్ని ఎటు పడేయాలి, దుంగలు ఎక్కడ వేస్తే వెనక వాటిని మోసుకెళ్లడానికి వచ్చే ఫార్వర్డర్‌కు అందుతాయి?

అడవిని పల్చన చేసే కోత ఇంకా కష్టం. అక్కడ నరికే చెట్టుకన్నా ఉంచే చెట్టు ముఖ్యం. నా మొదటి చలికాలంలో, షిఫ్టు చివర్లో, బూమ్ తిప్పుతూ ఉంచాల్సిన స్ప్రూస్ (సూదుల్లాంటి ఆకులుండే చెట్టు) బెరడును అరచెయ్యంత గీకేశాను. లైట్ల వెలుగులో లోపలి తెల్లటి చెక్క కనిపించింది. స్ప్రూస్‌కు అలాంటి గాయంలోంచే కుళ్లు ఎక్కుతుంది. ఆ రోజునుంచి ఒక్క బటన్ తప్పు నొక్కినా మిషను ఆపి, దిగి, రెండు నిమిషాలు నడుస్తాను. మీరూ అలాగే చేయండి, పని వెనకబడుతుందని టెన్షన్ పడొద్దు. డిసెంబరులో ఇది మరీ అవసరం. మధ్యాహ్నం మూడింటికే చీకటి, లైటు పడినంత మేరే అడవి, దూరాల అంచనా తప్పుతుంది.

ఫిన్నిష్ మాటలు ముందే పట్టండి. ‘కూసి’ అంటే స్ప్రూస్, ఆరు అనే అంకె కూడా. ‘తుక్కి’ మన తుక్కులా వినిపిస్తుంది గానీ, కోతమిల్లుకు వెళ్లే ఖరీదైన దుంగ అదే.

రంపం గొలుసు తెగితే ముక్క తూటాలా వస్తుంది. క్యాబిన్‌కు పాలికార్బొనేట్ అద్దాలు అందుకే. అయినా సరే, రంపం బార్ (గొలుసు తిరిగే పట్టీ) మీవైపుగానీ మనుషులున్నవైపుగానీ ఉంటే కోయకండి.

ఫోన్లో ‘112 సువోమి’ యాప్ పెట్టుకోండి. అడవిలో అడ్రసు చెప్పలేం. ఆ యాప్ నుంచి ఫోన్ చేస్తే మీరున్న చోటు ఎమర్జెన్సీ సెంటర్‌కు తెలుస్తుంది.