తొలినాటి పాంజర్లు: పెట్టె మీద ఒక రకం, ఫోటోలో ఇంకో రకం

జర్మన్ ట్యాంకు, అంటే పాంజర్, ప్లాస్టిక్ మోడల్ కిట్ తెచ్చుకుంటే పెట్టె మీద పాంజర్ 2 సి అని ఉంటుంది. డెకాల్ షీటు (అతికించే గుర్తుల కాగితం) 1940 ఫ్రాన్స్ అంటుంది. ముందు పెట్టుకున్న పాత ఫోటోలో బండి ముక్కు కోణాలు తేలి ఉంటే, స్ప్రూలో (భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రంలో) వచ్చిన ముక్కు గుండ్రంగా ఉంటుంది. కిట్ తప్పా, ఫోటో కింద రాసిన వివరం తప్పా? చాలాసార్లు రెండూ ఒప్పే. ఫ్యాక్టరీ గేటు దాటాక కూడా ఈ ట్యాంకుల్ని జర్మన్లు మారుస్తూనే పోయారు. వర్క్‌షాపుకు తెప్పించి అదనపు కవచం బిగించారు, టరెట్ (పైన తిరిగే తుపాకీ గది) మూతలు మార్చారు, తుపాకులు మార్చారు. రకాన్ని చెప్పే అక్షరం మాత్రం ఛాసిస్‌ది, అంటే కింది చట్రానిది. పైన ఏం మారినా అది మారదు.

అందుకే బండిని కింది నుంచి పైకి చదవాలి. ముందు రోడ్డు చక్రాలు, వాటి పైన ట్రాక్‌ను మోసే పై రోలర్లు, వెనుక చివర ట్రాక్ తిరిగే ఐడ్లర్. తర్వాత డ్రైవర్ ముందున్న పలక. తర్వాత టరెట్. తుపాకీ అన్నిటికన్నా చివర. ఇంటికి రంగులు, కిటికీలు మార్చినంత తేలిగ్గా పునాది మార్చరు కదా, ఇక్కడా అంతే. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు దాదాపు అందరూ తుపాకీ దగ్గర మొదలుపెడతారు, అక్కడే దారి తప్పుతారు.

పాంజర్ 1: ఫోటోలో పై రోలర్లు నాలుగు, కిట్‌లో మూడు

కారణం: మీ చేతిలో ఉన్నది ఎ, ఫోటోలో ఉన్నది బి. ఎ రకానికి క్రుప్ ఎయిర్‌కూల్డ్ ఇంజిను పెట్టారు, 60 హార్స్‌పవర్ దగ్గర. అది చాలలేదు. బి రకానికి 100 హార్స్‌పవర్ మేబాక్ ఇంజిను వచ్చింది, దానికి నీళ్ల కూలింగ్. ఇంజిను పొడవు పెరగడంతో హల్ (బండి కింది ఒళ్లు) 4.02 మీటర్ల నుంచి 4.42కు సాగింది. ఒక రోడ్డు చక్రం, ఒక పై రోలర్ పెరిగాయి. ఎలో నేలను తాకుతూ ఐదో చక్రంలా పనిచేసే వెనుక ఐడ్లర్, బిలో పైకి లేచింది. 1/35 స్కేలు మోడల్‌లో ఈ పొడవు తేడా 11 మి.మీ. పైమాటే.

ఏం చేయాలి: ఎ కిట్‌ను బిగా మార్చే పని పెట్టుకోకండి. హల్ కోసి అతికించి, చక్రాల వరస మొత్తం మళ్లీ కట్టే బదులు ఇంకో కిట్ కొనడం చవక. ఫోటోలో గడ్డి చక్రాలను కప్పేసిందా? సైలెన్సర్లు చూడండి. ఎకు రెండు ఫెండర్ల మీద ఒక్కోటి ఉంటుంది. బికి వెనకాల ఒకటే. టరెట్ చూసి తేల్చుదామంటే మాత్రం తేలదు, రెండింటికీ దాదాపు ఒకటే.

స్పెయిన్ అంతర్యుద్ధం డయోరామా (దృశ్య నమూనా) కడుతున్నవారికి ఎ, బి రెండూ చెల్లుతాయి. ఇటలీ బ్రెడా 20 మి.మీ. తుపాకీ ఎక్కించిన కొద్దిపాటి బండ్లు మాత్రం ఎ రకానివే. చెక్ 4.7 సెం.మీ. తుపాకీ పెట్టిన పాంజర్‌యేగర్ 1 కావాలంటే కింద బి ఛాసిస్ ఉండాలి.

పాంజర్ 2: ముక్కు గుండ్రమా, కోణమా

అందరూ ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే, కాస్త నిలబడి చూద్దాం.

ముందు చక్రాలు. జంటలుగా కట్టి, బయట ఒక అడ్డ దూలంతో కలిపిన ఆరు చిన్న చక్రాలుంటే అది తొలి రకాల్లో ఒకటి, అంటే చిన్నక్షరం ఎ లేదా చిన్నక్షరం బి. విడివిడిగా ఐదు పెద్ద చక్రాలు, పైన నాలుగు రోలర్లు ఉంటే చిన్నక్షరం సి, దాని తర్వాతి పెద్దక్షరాల ఎ, బి, సి, చివరికి ఎఫ్. పై రోలర్లే లేకుండా నాలుగు భారీ చక్రాలుంటే డి లేదా ఇ. ఈ డి, ఇ బండ్లు తర్వాత ఫ్లేమ్ ట్యాంకులుగా, రష్యన్ 76.2 మి.మీ. తుపాకీ మోసే మార్డర్ 2లుగా మారాయి కాబట్టి మామూలు టరెట్‌తో ఉన్న ఫోటోలు తక్కువే. జర్మన్లు చిన్నక్షరం, పెద్దక్షరం రెండూ వాడటం మన ప్రాణం తీయడానికే అనిపిస్తుంది. చిన్న సి, పెద్ద సి బండ్లకు చక్రాలు ఒకటే. బయట కనిపించే తేడా ఎక్కువగా చూపు కిటికీల్లోనే. ఆ అక్షరం కోసం జుట్టు పీక్కోవద్దు. మీకు కావాల్సింది తేదీ.

కారణం: ఈ బండ్ల అసలు కవచం మందం 14.5 మి.మీ. మాత్రమే. 1939 సెప్టెంబరులో పోలండ్‌లో ట్యాంకు నిరోధక తుపాకులు దాన్ని చీల్చేశాయి. ఆ తర్వాత ముక్కుకు, డ్రైవర్ ముందు భాగానికి, టరెట్ ముఖానికి అదనపు పలకలు బోల్టులతో బిగించారు. గుండ్రటి ముక్కు మీద చదునైన పలకలు వచ్చి అంచు దగ్గర కలవడంతో బండి ముఖమే మారిపోయింది. టరెట్ పైన కమాండర్‌కు మొదట రెండు రెక్కల మూత ఉండేది. 1940 చివరి నుంచి దాని స్థానంలో ఎనిమిది పెరిస్కోపులున్న చిన్న గుండ్రటి బురుజు, అంటే కుపోలా, వచ్చింది, పాత బండ్లకు కూడా.

ఏం చేయాలి: పోలండ్ 1939 అయితే గుండ్రటి ముక్కు, రెక్కల మూత. ఫ్రాన్స్ 1940 అయితే చాలా బండ్లకు కోణపు ముక్కు, పైన ఇంకా రెక్కల మూతే. గుండ్రటి ముక్కువీ అక్కడక్కడా మిగిలాయి కాబట్టి మీ బండి ఫోటో ఉంటే దాని మాటే చివరి మాట. ఆఫ్రికా, రష్యా 1941 అయితే కోణపు ముక్కు, కుపోలా రెండూ. ఫ్రాన్స్ బండికి కుపోలా పెట్టేయడం పోటీ బల్లల మీద తరచూ కనిపించే తప్పు.

గుండ్రటి ముక్కు కిట్ ఒక్కటే దొరికితే మార్చుకోవచ్చు. 20 మి.మీ. పలక 1/35లో 0.57 మి.మీ. అవుతుంది కాబట్టి అర మిల్లీమీటరు ప్లాస్టిక్ షీటు సరిపోతుంది. ముందు అట్టముక్కతో కొలత తీసి, ఆ తర్వాత షీటు కోయండి. రెండు పలకలు కలిసే అంచును గరుకు కాగితంతో అరగదీసి గుండ్రం చేయకండి, పదునుగానే ఉంచండి. ఇవి బిగించిన పలకలు, పోత పోసినవి కావు. బోల్టు తలలను పాడైన కిట్ నుంచి బ్లేడుతో గీకి తెచ్చుకోవచ్చు. ప్రైమర్ వేసేముందు జిగురు పూర్తిగా ఆరాలి, లేదంటే పలుచటి షీటు అలలు తేలుతుంది.

కోణపు ముక్కు, కుపోలా రెండూ ఉన్న సి ఒకటి, ఎఫ్ ఒకటి పక్కపక్కన పెడితే ఎలా చెప్పాలి? డ్రైవర్ ముందు పలక చూడండి. ఎఫ్‌కు అది బండి వెడల్పంతా ఒకే చదును పలక. డ్రైవర్ కిటికీ పక్కన శత్రువును మోసం చేయడానికి పెట్టిన ఉత్తుత్తి కిటికీ ఇంకొకటి ఉంటుంది. సిలో పక్కలు వాలుగా వెనక్కి మడిచి ఉంటాయి. వెనుక ఐడ్లర్ కూడా ఎఫ్‌లో శంకువు ఆకారంలో ఉంటుంది.

పాంజర్ 3: 5 సెం.మీ. తుపాకీ ఉంది, కానీ హల్ పాతదిలా ఉంది

ఎ నుంచి డి దాకా అన్నీ ప్రయోగాలే. నాలుగూ కలిపినా వంద బండ్లు కాలేదు. ఎకు ఐదు పెద్ద చక్రాలు, బి, సి, డిలకు ఎనిమిది చిన్నవి. ఇ నుంచి టార్షన్ బార్ల (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీల) మీద ఆరు చక్రాలు, పైన మూడు రోలర్లు స్థిరపడ్డాయి. ఆరు చక్రాలు కనిపించగానే ఎ–డి గొడవ వదిలేయొచ్చు.

కారణం: ఇ, ఎఫ్ రకాలు 3.7 సెం.మీ. తుపాకీతో పుట్టాయి. దాని మాంట్‌లెట్ (తుపాకీ మొదట్లో ఉండే కవచం) టరెట్ లోపలికి ఉంటుంది, పక్కన రెండు మెషిన్‌గన్లు. 1940 ఆగస్టు తర్వాత వీటిలో చాలావాటికి బయటి మాంట్‌లెట్‌తో 5 సెం.మీ. ఎల్/42 (గొట్టం పొడవు దాని వ్యాసానికి 42 రెట్లు) తుపాకీ, పక్కన ఒకే మెషిన్‌గన్ పెట్టారు. అందుకే దూరం నుంచి ఇ, ఎఫ్ రెండూ జి లాగే కనిపిస్తాయి.

ఏం చేయాలి: డ్రైవర్ కిటికీ చూడండి. ఇ, ఎఫ్‌లలో పైనొకటి కిందొకటి రెండు పలకల మూత. జిలో ఒకే దిమ్మె, తిరిగి మూసుకుంటుంది. ముందు వాలు పలక మీద బ్రేకులకు గాలి వెళ్లే రెండు పోత మూతలుంటే అది ఇ కన్నా ఎఫ్ అయ్యే అవకాశం ఎక్కువ.

జి, హెచ్ మధ్య అనుమానం వస్తే ముందు రోలర్ పట్టుకోండి. హెచ్‌లో అది ముందుకు జరిగింది. ట్రాక్ వెడల్పు 36 నుంచి 40 సెం.మీ. అయింది. మోడల్‌లో ఇది 10.3, 11.4 మి.మీ. మధ్య తేడా, వెర్నియర్‌తో కొలిస్తే తెలిసిపోతుంది. కానీ వెడల్పు ట్రాక్‌ను పాత బండ్లకు కూడా తొడిగారు కాబట్టి ఒక్క ట్రాక్‌నే నమ్మొద్దు. టరెట్ వెనుక వైపు చూడగలిగితే ఇంకా మంచిది. పాతవాటిలో కుపోలా వెనుక పలకలోంచి ఉబ్బి బయటికి వస్తుంది. హెచ్‌లో అది పూర్తిగా టరెట్ కప్పు మీదే.

పాంజర్ 4: ముందు పలక మెట్టా, తిన్ననా

పాంజర్ 4లో చక్రాలు సాయం చేయవు. ఎ నుంచి ఎఫ్ దాకా అన్నింటికీ ఎనిమిది చిన్న చక్రాలు, నాలుగు రోలర్లే. ఇక్కడ డ్రైవర్ ముందు పలకే తాళంచెవి. ఎలో డ్రైవర్ వైపు ముందుకు పొడుచుకొచ్చి మెట్టులా ఉంటుంది, పక్కన హల్ మెషిన్‌గన్ ఉంటుంది. బి, సిలలో పలక తిన్నన, మెషిన్‌గన్ తీసేశారు. డి, ఇలలో మెట్టూ, మెషిన్‌గన్నూ మళ్లీ వచ్చాయి. ఎఫ్‌లో పలక తిన్నన, మెషిన్‌గన్ కూడా ఉంది. మెట్టు కనిపించిన ఫోటోలో మాంట్‌లెట్ టరెట్ బయట ఉంటే ఎ కాదు, డి లేదా ఇ. డి, ఇలను విడదీయడానికి డ్రైవర్ కిటికీ, కుపోలా చూడండి, రెండూ ఇలో కొత్తవి.

మ్యూజియం బండి ఫోటోలతో ఏదీ సరిపోవట్లేదు

ఇంగ్లండ్‌లోని బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియంలో ఉన్న పాంజర్ 4 డి మంచి ఉదాహరణ. హల్ డిదే, తుపాకీ మాత్రం తర్వాత బిగించిన పొడవాటి 7.5 సెం.మీ. ఎల్/43. దాన్ని చూసి 1940 డి కట్టారంటే మూడేళ్ల కాలం ఒక్క బండిలో కలిసిపోతుంది. మ్యూజియం బండిని బోల్టుల ఆకారానికి, వెల్డింగ్ గీతలకు వాడుకోండి. అమరికకు మాత్రం యుద్ధకాలపు ఫోటోలే వాడండి.

రంగు: ఫోటోలో అంతా ఒకే బూడిద రంగు

కారణం: ఆనాటి పద్ధతి ముదురు బూడిద రంగు మీద మూడో వంతు ముదురు గోధుమ రంగు మచ్చలు. రెండూ బాగా ముదురు కాబట్టి నలుపు తెలుపు ఫోటోలో కలిసిపోతాయి. 1940 జూలై ఆఖర్లో గోధుమ రంగు మానేయమని ఆదేశం వచ్చింది.

ఏం చేయాలి: పోలండ్, ఫ్రాన్స్ బండ్లకు రెండు రంగులూ వేయండి, అంచులు మెత్తగా కలిసిపోయేలా. చూసినవాళ్లు బురద అనుకుంటే అనుకోనివ్వండి. 1941లో ట్రిపోలీలో దిగిన తొలి బండ్లకు బూడిద రంగే చెల్లుతుంది. ఎడారి రంగుల ఆదేశం ఆ మార్చిలోనే వచ్చింది.

పోలండ్‌లో తెల్లగా నిండుగా ఉన్న శిలువ గుర్తులు ఎదుటి గన్నర్లకు గురిగా పనికొచ్చాయి. సిబ్బంది వాటికి బురద పూశారు, కొందరు రంగు కొట్టేశారు. ఆ తర్వాత అంచు గీతలే ఉన్న శిలువ వచ్చింది. డెకాల్ షీటులో రెండూ ఇస్తే తేదీ చూసి ఎంచుకోండి. పోలండ్ బండి అయితే నిండు శిలువ వేసి, ఎడమ ఫెండర్ మీది నోటెక్ (బ్లాకౌట్) దీపాన్ని వదిలేయండి. టరెట్ వెనుక సామాన్ల పెట్టె 1941లో వచ్చింది కాబట్టి ఫ్రాన్స్ బండికి కూడా అక్కర్లేదు. దాని కోసం టరెట్ వెనుక చేసిన రంధ్రాలుంటే పుట్టీతో మూసేయండి.