నేయించుకున్న పెళ్లి చీర ఆలస్యంగానో, పాడుగానో వస్తే ఏం చేయాలి?

నల్లగొండలో లగ్గాల సీజన్ మొదలైతే చుట్టాలు, ఇరుగుపొరుగు నా దగ్గరికి ఒకే గోడు పట్టుకొస్తారు. గద్వాలలోనో, పోచంపల్లిలోనో చీర నేయించుకుంటారు. అది చెప్పిన రోజుకు రాదు, వచ్చినా అంచు రంగు వేరు. నా దగ్గరికి వచ్చేసరికే చేయకూడని పని చేసేసి ఉంటారు. టేకు తలుపులు చేయించుకున్నవాళ్లదీ ఇదే కథ.

ఆర్డర్ కాగితం సంగతి తొందరగా చెప్పేస్తాను. రంగు, అంచు, కొంగు, ధర, అడ్వాన్స్, ఇచ్చే తేదీ రాయించండి. రంగు దారం ముక్క ఒకటి కాగితానికి పిన్ను కొట్టించండి, ఫోన్ ఫొటో చాలదు. తేదీ పక్కన 'ఫలానా రోజు పెళ్లి, ఈ తేదీ దాటితే పనికిరాదు' అని తప్పకుండా ఉండాలి. అడ్వాన్స్ ఫోన్‌పేలోనే కొట్టాలి. నోట్లు లెక్కపెట్టి ఇచ్చి వచ్చినవాళ్లకు నేను ఫిర్యాదు కాగితం రాసిపెట్టను.

అసలు చిక్కంతా చీర చేతికి తీసుకునే నిమిషంలో ఉంది.

మా మేనకోడలి పెళ్లి చీర తొమ్మిది రోజులు ఆలస్యంగా, పెళ్లి రెండు రోజులుందనగా వచ్చింది. దొరికిందే చాలనుకుని మిగతా పైసలు కట్టి తెచ్చుకున్నాం. ఆ సాయంత్రమే ఫాల్‌కు, జాకెట్‌కు ఇచ్చేశాం. అంచు రంగు దిగుతోందని తర్వాత తెలిసింది. షాపుకు వెళ్తే సేటు ఒక్కటే అడిగాడు: "తీసుకునేటప్పుడు ఎందుకు చెప్పలేదు?" నా దగ్గర జవాబు లేదు.

తేదీ ముఖ్యమని ఒప్పుకున్న పని ఆలస్యమైనా మీరు నోరు మెదపకుండా తీసుకుంటే, ఆ ఆలస్యానికి పరిహారం అడగలేరు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 55వ సెక్షన్ చెప్పేది ఇదే. అలాగని తీసుకోకుండా వెనక్కి రానక్కర్లేదు. తీసుకునేటప్పుడే వాళ్ల దగ్గరుండే బిల్లు కాపీ మీద ఇలా రాయండి: 'ఒప్పుకున్న తేదీ దాటి ఇన్ని రోజులకు ఇచ్చారు. అవసరం కొద్దీ తీసుకుంటున్నాను. ఆలస్యం వల్ల జరిగిన నష్టానికి పరిహారం అడుగుతాను.' రాయనివ్వకపోతే అక్కడే నిలబడి అదే మాట వాట్సాప్‌లో పంపండి. వాయిస్ మెసేజ్ వద్దు, అక్షరాల్లోనే పంపాలి.

తర్వాత చీర మొత్తం మడతలు విప్పి, పగటి వెలుగులో చూడండి. చూసుకునే హక్కు మీకుంది, మొహమాటం వద్దు. పోచంపల్లి ఇక్కత్‌లో దారానికి ముందే ముడులు కట్టి రంగు అద్ది, ఆ తర్వాత నేస్తారు. అందుకే డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. అది లోపం కాదు, దాన్ని పట్టుకుని గొడవపడి నవ్వులపాలు కావద్దు. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచు కలిసే చోట విడిపోతుంటే మాత్రం అది లోపమే. లోపం కనబడితే కత్తెర పడనివ్వకండి, ఫాల్ వేయించకండి. కోయించారంటే సరుకు ఒప్పుకున్నట్టే లెక్క. వద్దని వెంటనే రాసి పంపితే చాలు, మోసుకెళ్లి తిరిగి ఇచ్చే బాధ్యత మీది కాదు.

నలుగురు పెద్దమనుషుల్ని వెంటేసుకుని షాపు ముందు పంచాయితీ పెట్టేవాళ్లున్నారు. సగం పైసలకు రాజీపడి, చాయ్ తాగి వస్తారు. ఒక పేజీ నోటీసు స్పీడ్ పోస్టులో పంపి, 15 రోజులు గడువివ్వడం నా పద్ధతి. తెలుగులోనే రాయండి. బిల్లు మీద 'అమ్మిన సరుకు వాపసు తీసుకోము' అని ఉన్నా బెదరకండి. లోపమున్న సరుక్కి ఆ మాట చెల్లదు. మీరడిగిన రంగే నేసి ఇచ్చాక మనసు మారితే మాత్రం ఏ చట్టమూ ఆదుకోదు.

జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు కాబట్టి, గద్వాల చీర కోసం మహబూబ్‌నగర్ దాకా తిరగక్కర్లేదు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. కేసు వేయడానికి గడువు రెండేళ్లు. కమిషన్ చీరను ల్యాబ్‌కు పంపించే అవకాశం ఉంది, అందుకే అప్పటిదాకా దాన్ని ఉతకొద్దు, ఇస్త్రీ చేయించొద్దు.