రక్త జబ్బుల మీద జన్యు పరిశోధన చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

తలసేమియా, సికిల్ సెల్, హీమోఫీలియా లాంటి జబ్బుల మీద పనిచేయాలనుంటే దారులు రెండు. డాక్టర్‌గా వెళ్లేవాళ్లకు ఎంబీబీఎస్, తర్వాత జనరల్ మెడిసిన్, పీడియాట్రిక్స్ లేదా పాథాలజీలో ఎండీ, ఆపైన మూడేళ్ల డీఎం క్లినికల్ హెమటాలజీ (రక్త జబ్బుల సూపర్ స్పెషాలిటీ కోర్సు). నీట్ రాయకపోయినా ఏం పోలేదు, ఎమ్మెస్సీ చేసి సీఎస్ఐఆర్ నెట్, డీబీటీ, ఐసీఎంఆర్ లాంటి కేంద్ర సంస్థల పరీక్షల్లో ఏదో ఒకదాంట్లో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే పీహెచ్‌డీలో చేరొచ్చు. 2023 నుంచి జేఆర్ఎఫ్ నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం వేరే. కోచింగ్ సెంటర్లవాళ్లు ఇక్కడిదాకా బాగానే చెబుతారు.

చాలామంది తొందరపడేది ఆ తర్వాతే. చేరగానే సీక్వెన్సింగ్ (జన్యువుల్లోని అక్షరాలు చదవడం), క్రిస్పర్ (జన్యువులను కత్తిరించి మార్చే పద్ధతి) అంటారు. ముందు సీబీసీ (రక్తకణాల లెక్క) రిపోర్ట్ చదవడం నేర్చుకోండి. ఎర్ర కణాల సైజు చెప్పే ఎంసీవీ, ఒక్కో కణంలో హిమోగ్లోబిన్ ఎంతో చెప్పే ఎంసీహెచ్ తక్కువున్నాయంటే అది ఐరన్ లోపమా, లేక ఆ మనిషి బీటా తలసేమియా క్యారియరా, అంటే జబ్బు లేకుండా జన్యు లోపాన్ని మోస్తున్నారా? హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరీక్షలో ఏ2 అనే రకం 3.5 శాతం దాటితే మామూలుగా క్యారియర్ అనుకుంటాం, కానీ ఐరన్ బాగా తగ్గినవాళ్లలో ఆ ఏ2 కూడా దిగిపోయి అసలు సంగతి బయటపడకపోవచ్చు. రక్తం ఎక్కించాక తీసిన శాంపిల్‌లో దాత రక్తం కలిసి ఉంటుంది కాబట్టి ఎక్కించక ముందే తీయాలి, అది కుదరకపోతే అమ్మానాన్నల రక్తం కూడా పరీక్షించాలి.

రెండోది, ప్రశ్న పేషెంట్ దగ్గర్నుంచి రావాలి. సికిల్ సెల్‌కు కారణం బీటా గ్లోబిన్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మార్పు అని ఎప్పుడో తెలుసు. మరి అదే మార్పున్న ఇద్దరు పిల్లల్లో ఒకరు నొప్పులతో పదే పదే ఆస్పత్రిలో చేరుతుంటే ఇంకొకరు హాయిగా బడికెలా వెళ్తున్నారు? ఫీటల్ హిమోగ్లోబిన్ (కడుపులో ఉన్నప్పుడు బిడ్డకుండే రకం) ఎక్కువున్నవాళ్లకు బాధ తక్కువని గమనించి, ఆ కొస పట్టుకుని వెళ్లినవాళ్లకు 2008లో దాన్ని అణిచిపెట్టే బీసీఎల్11ఏ జన్యువు దొరికింది. 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతించిన కాస్‌జెవీ అనే జన్యు చికిత్స ఆ అణచివేతనే సడలిస్తుంది. తలసేమియా పరిశోధకుడు డేవిడ్ వెదరాల్ కూడా బ్రిటిష్ సైన్యంలో డాక్టర్‌గా సింగపూర్‌లో ఉన్నప్పుడు ఒక గూర్ఖా సైనికుడి పాపలో తలసేమియా చూశాకే ఇటు వచ్చాడు, జీవితమంతా ఇందులోనే ఉండి 1989లో ఆక్స్‌ఫర్డ్‌లో మాలిక్యులర్ మెడిసిన్ సంస్థ పెట్టాడు. నాకు తెలిసి ఈ రంగంలో ఇంతకంటే మంచి ఆదర్శం లేదు.

చోటు కోసం దూరం పోనక్కర్లేదు. హైదరాబాద్‌లోనే సీడీఎఫ్‌డీ, సీసీఎంబీ పరిశోధన సంస్థలు, నిమ్స్ ఆస్పత్రిలో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉన్నాయి, బయట అయితే ముంబైలో రక్త జబ్బుల మీద పనిచేసే ఎన్ఐఐహెచ్, వెల్లూరు సీఎంసీ ఆస్పత్రి. గైడ్‌ను ఎంచుకునే ముందు ఆ ల్యాబ్‌లో మూడో నాలుగో ఏడాది చదువుతున్నవాళ్లతో మాట్లాడండి, శాంపిల్స్ ఎక్కడ్నుంచి వస్తాయో, క్లినిక్‌లో కూర్చోనిస్తారో లేదో అడగండి.

ఆదిలాబాద్, పాడేరు ఏజెన్సీ గ్రామాలకు వెళ్లాల్సి వస్తే అంగీకార పత్రం తెలుగులో ఉంటే సరిపోదు, గోండీలోనో కువిలోనో చెప్పగలిగే ఊరి మనిషి పక్కనుండాలి. ఎవరు క్యారియరో ఆ మనిషికి మాత్రమే, పెద్దలయితేనే నేరుగా, పిల్లలయితే తల్లిదండ్రులకు చెప్పాలి. ఊళ్లో పొక్కితే ఆడపిల్ల పెళ్లి ఆగిపోవచ్చు. రక్తం తీసుకుని రిపోర్ట్ ఇవ్వకుండా మాయమైపోవడం ఘోరం, అందుకే మళ్లీ వెళ్లి రిపోర్టులిచ్చి వివరంగా చెప్పి రావడానికయ్యే ఖర్చు ప్రాజెక్ట్ బడ్జెట్‌లో మొదట్లోనే రాసుకోండి.