పుట్టగొడుగుల కూర చారులా అయితే

చికెన్ వండినట్టే పుట్టగొడుగులూ వండుతాం. తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి.

సమస్య: బటన్ మష్రూమ్ కూర నీళ్ళు నీళ్ళుగా ఉంది.

కారణం: బటన్‌లో నూటికి 90 పాళ్ళకు పైగా నీళ్ళే. ఉల్లిగడ్డ మగ్గగానే ముక్కలు పోసి, ఉప్పు చల్లి, మూత పెడతాం. ఉప్పు నీటిని బయటికి లాగుతుంది, మూత ఆవిరిని పోనివ్వదు. ఇక అది వేగడం కాదు, ఉడకడం.

పరిష్కారం: వెడల్పాటి కడాయిలో పెద్ద మంట మీద ముక్కలు పలచగా పరిచి విడిగా వేయించండి. ముందు నీళ్ళు ఊరతాయి, భయపడొద్దు, అవే ఇగిరిపోతాయి. అంచులు ఎర్రబడ్డాకే ఉప్పు, మసాలా. ఎక్కువసేపు వేగితే మాంసంలా గట్టిపడుతుందని టెన్షన్ అక్కర్లేదు, పుట్టగొడుగుకు ఆ గుణం లేదు. ఇప్పటికే చారైపోయిందా? మూత తీసి మంట పెంచి, వేయించిన నువ్వుల పొడి రెండు చెంచాలు కలపండి. జొన్నరొట్టెకు నాకైతే ఇదే ఎక్కువ ఇష్టం.

సమస్య: ఆయిస్టర్ పుట్టగొడుగు రబ్బరులా సాగుతోంది.

గుత్తి మొదట్లో కాడ గట్టిగా ఉంటుంది, అది కోసి పారేయండి. మిగతాది కత్తితో కాకుండా చేత్తో నిలువుగా చీల్చండి. పులుసుకన్నా వేపుడుకు, పకోడీకి బాగుంటుంది.

సమస్య: పాల పుట్టగొడుగుకు మసాలా పట్టలేదు.

30, 35 డిగ్రీల వేడిలోనూ పెరిగే రకమిది, మన పాలమూరు ఎండలకు సరిపోయేది. కాడ లావు, కండ గట్టి. సన్నగా చక్రాల్లా కోసి పెరుగు, అల్లం ఎల్లిగడ్డ ముద్ద పట్టించి అరగంట ఉంచితే బిర్యానీలోకి కూడా పనికొస్తుంది.

సమస్య: ఫ్రిజ్‌లో పెట్టినా జిగురొచ్చింది.

పాలిథిన్ కవర్లో చెమట పట్టింది. కాగితం సంచిలో పెట్టాల్సింది. జిగురుతో పాటు వాసన కూడా వస్తే పారేయండి. కోసిన చోట నల్లబడటం మాత్రం వంకాయకూ ఉన్నదే.

సమస్య: తొలకరికి చెలకలో దొరికినవి తిన్నాక వాంతులు.

దీనికి వంటింట్లో మందు లేదు. వెండి చెంచా, ఎల్లిగడ్డ నల్లబడితేనే విషమన్న పరీక్షలు నమ్మొద్దు. ఉడికించినా కొన్ని విషాలు పోవు. కొన్నిటికి ఆరు గంటలు దాటాక గానీ లక్షణాలే కనిపించవు. వెంటనే దవాఖానకు వెళ్ళండి. మిగిలిన కూర పారబోయకుండా డబ్బాలో వేసి తీసుకెళ్ళండి, ఏ రకమో డాక్టరుకు తెలియాలి.