వారంటీలో ఉన్న మోటారు కాలిపోతే: విప్పకముందు చేయవలసిన పనులు

లేత్ మీద పని సగంలో ఉండగా కాలిన వాసన వచ్చి మోటారు ఆగిపోతే, విజయవాడ ఆటోనగర్‌లో మనం చేసే మొదటి పని దాన్ని దింపి వైండింగ్ షాపుకు పంపడం. మరునాటికి ఇస్తామని ఒప్పుకున్న షాఫ్టు బల్ల మీద ఉంటుంది, పార్టీ ఫోను మీద ఫోను చేస్తూ ఉంటాడు, వైండింగ్ మేస్త్రీ సాయంత్రానికల్లా చుట్టి ఇస్తానంటాడు. నేనూ ఒకసారి అలాగే చేశాను. కొని ఏడు నెలలు మాత్రమే అయిన 5 హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటారును విప్పించి, మాడిన తీగంతా తీయించి, కొత్త తీగ చుట్టించిన తర్వాత డీలరుకు కబురు చేశాను. కంపెనీ నుంచి రెండు వాక్యాల జవాబు వచ్చింది. అనుమతి లేకుండా విప్పారు కాబట్టి వారంటీ చెల్లదన్నది మొదటిది. లోపం ఏమిటో చూడడానికి ఇప్పుడు ఏమీ మిగల్లేదన్నది రెండోది. మొదటి వాక్యం మీద వాదించి ఉండేవాణ్ణి గాని, రెండోదానికి నా దగ్గర సమాధానం లేదు. ఆ తర్వాత ఇరుగుపొరుగు షాపులవాళ్ల క్లెయిములకు కాగితాలు రాసిపెడుతూ నేర్చుకున్నది ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మోటారు ఆగిన వెంటనే మెయిన్ స్విచ్ ఆపి, ఫ్యూజులు తీసి పక్కన పెట్టండి. ఒకసారి వేసి చూద్దామని మళ్లీ మళ్లీ స్టార్టర్ నొక్కితే, ఒక చుట్టలో మొదలైన లోపం పక్క చుట్టలకు పాకి అసలు కారణాన్ని కప్పేస్తుంది. తర్వాత దేన్నీ కదపకుండా ఫొటోలు తీయాలి. నేమ్ ప్లేటు మీది సీరియల్ నంబరు, హెచ్‌పీ, వోల్టేజి, ఆంపియర్లు, ఇన్సులేషన్ క్లాసు చదవగలిగేంత దగ్గరగా ఒకటి తీయండి. మోటారు యంత్రానికి బిగించి ఉన్న తీరు, బెల్టు, ఫ్యాన్ కవరు, స్టార్టర్ లోపలి భాగం, మూడు ఫ్యూజులు విడివిడిగా కనిపించాలి. వీటన్నిటికంటే ముఖ్యమైనది స్టార్టర్‌లోని ఓవర్‌లోడ్ రిలే (మోటారు మితిమీరి కరెంటు లాగితే ఆపేసే పరికరం) ఎన్ని ఆంపియర్ల మీద పెట్టి ఉందో చూపే ఫొటో, ఎందుకంటే కంపెనీ ఇంజినీరు వచ్చీరాగానే చూసేది దాన్నే. 415 వోల్టుల మీద నడిచే 5 హెచ్‌పీ మోటారు పూర్తి లోడులో దాదాపు 7 నుంచి 7.5 ఆంపియర్లు తీసుకుంటుంది; నేరుగా నడిపే డీఓఎల్ స్టార్టర్‌లో రిలే ఆ అంకె దగ్గరే ఉండాలి. చుట్టలను మొదట స్టార్, తర్వాత డెల్టా అనే పద్ధతుల్లో కలిపి నడిపే స్టార్-డెల్టా స్టార్టర్‌లో రిలే సాధారణంగా వైండింగు వైపు ఉంటుంది కనుక, నేమ్ ప్లేటు ఆంపియర్లలో 58 శాతం దగ్గర పెట్టాలి. మీ రిలే తప్పుగా పెట్టి ఉందని అప్పుడు తెలిసినా, దయచేసి ఫొటోకు ముందు సరిచేయకండి. అది సాక్ష్యాన్ని మార్చడమే అవుతుంది, పైగా ఇంజినీరు అడిగే నాలుగో ప్రశ్నకు బయటపడుతుంది.

టెర్మినల్ బాక్సు మూత తీసి కనెక్షన్లు చూడడం వరకు మీ ఎలక్ట్రీషియన్ చేయవచ్చు. తీగలు వేరుచేసి 500 వోల్టుల మెగ్గరుతో వైండింగుకు, బాడీకి మధ్య ఇన్సులేషన్ కొలిపించి, తేదీ వేసి అంకె రాయించుకోండి. 1 మెగాఓమ్ కంటే తక్కువ వస్తే ఇన్సులేషన్ దెబ్బతిన్నదనో తడి చేరిందనో అర్థం. ఎండ్ కవర్ల (మోటారు రెండు చివరల మూతల) బోల్టుల మీద మాత్రం స్పానరు పడకూడదు. సింగిల్ ఫేజ్ మోటారైతే, అది మూలుగుతూ తిరగకుండా ఉన్నప్పుడు ముందుగా కండెన్సరును అనుమానించాలి, ఎందుకంటే చాలాసార్లు పోయేది అదే, మార్చడానికి మోటారు విప్పనవసరం లేదు.

పని ఆగిపోతుందన్న బాధ నాకు తెలుసు. అందుకే ఈ మోటారును గోనెలో చుట్టి పక్కన పెట్టి, అదే హెచ్‌పీ, అదే స్పీడు, అదే ఫ్రేము ఉన్న పాత మోటారొకటి అద్దెకో అరువుకో తెచ్చి యంత్రం నడుపుకోండి. పని ఆగినందువల్ల పోయిన డబ్బును వారంటీ షరతులు దాదాపు ఎప్పుడూ మినహాయిస్తాయి కాబట్టి, ఆ నష్టాన్ని తగ్గించుకోవడం మన చేతుల్లోనే ఉంది.

ఎవరిని అడగాలి

మోటారు విడిగా కొంటే దారి సూటిగా ఉంటుంది: బిల్లు ఇచ్చిన డీలరు, నేమ్ ప్లేటు మీది కంపెనీ. లేత్, డ్రిల్లింగ్ మిషన్, కంప్రెసర్ వంటి యంత్రంతో పాటు వచ్చిన మోటారైతే చిక్కు మొదలవుతుంది. యంత్రం రాజ్‌కోట్ నుంచో బటాలా నుంచో వస్తుంది, మోటారు ఇంకొక కంపెనీది అయి ఉంటుంది, యంత్రం వారంటీ పత్రంలో చిన్న అక్షరాలతో ‘బయటినుంచి కొన్న భాగాలకు ఆయా తయారీదారుల వారంటీయే వర్తిస్తుంది’ అన్న షరతు ఉంటుంది. డీలరు యంత్రం కంపెనీ మీదికి, ఆ కంపెనీ మోటారు కంపెనీ మీదికి తోస్తూ ఉంటే నెలలు గడిచిపోతాయి. ఈ తిప్పట నుంచి బయటపడడానికి నాకు తెలిసిన మార్గం ఒకటే: మొదటి ఉత్తరాన్నే ముగ్గురికీ ఒకే రోజున, ముగ్గురి పేర్లూ పైన కనిపించేలా పంపడం.

గడువు ఎప్పటినుంచి లెక్కిస్తారో కూడా అప్పుడే చూసుకోండి. ‘యంత్రం నడపడం మొదలుపెట్టిన తేదీ నుంచి 12 నెలలు లేదా ఫ్యాక్టరీ నుంచి పంపిన తేదీ నుంచి 18 నెలలు, ఏది ముందైతే అది’ అన్న షరతు మోటార్లకు బాగా వాడుకలో ఉంది. డీలరు గోడౌనులో పది నెలలు పడి ఉన్న మోటారును కొన్నవాడికి ఆ లెక్కన 8 నెలలే మిగులుతాయి. బిల్లు మీద మోటారు సీరియల్ నంబరు లేకపోతే, అది ఆ బిల్లుకు చెందినదేనని డీలరు చేత ఒక కాగితం మీద రాయించి ముద్ర వేయించుకోండి. అసలు బిల్లే ఇవ్వకపోవడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి అని కూడా గుర్తుంచుకోండి.

ఉత్తరం

ఫోనులో చెప్పిన మాట నిలవదు. వాట్సాప్ సందేశం కొంత నయం. ఈమెయిల్ పంపి, అదే ఉత్తరాన్ని స్పీడ్ పోస్టులో చేరినట్టు రుజువు వచ్చేలా పంపితే తర్వాత ఎవరూ అందలేదని అనలేరు. ఉత్తరంలో కోపం అక్కర్లేదు, కారణాన్ని మీరే ఊహించి రాయకూడదు, చూసినది మాత్రమే రాయాలి. నేను వాడే నమూనా ఇది:

‘అయ్యా, ఫలానా తేదీన ఫలానా నంబరు బిల్లుతో మీ వద్ద కొన్న 5 హెచ్‌పీ, 415 వోల్టుల మోటారు, సీరియల్ నంబరు ఫలానా, ఫలానా తేదీ ఉదయం 11 గంటలకు లేత్ నడుస్తుండగా కాలిన వాసన వచ్చి ఆగిపోయినది. వెంటనే సరఫరా నిలిపివేసినాము. మోటారును విప్పలేదు, ఎవరి చేతా మరమ్మతు చేయించలేదు. మెగ్గరు కొలత, ఫొటోలు, బిల్లు నకలు జతపరచినాము. మోటారు వారంటీ గడువులో ఉన్నది కనుక, ఈ ఉత్తరం అందిన 7 రోజులలో మీ ఇంజినీరును మా షాపుకు పంపి మా సమక్షంలో పరిశీలింపజేయవలెనని, లోపం నిర్ధారణ అయిన పక్షంలో మోటారును ఉచితంగా మరమ్మతు చేసి ఇవ్వవలెనని లేదా మార్చి ఇవ్వవలెనని కోరుచున్నాము. క్లెయిము నంబరును తెలియజేయగలరు.’

‘మా సమక్షంలో’ అన్న మాటను వదలకండి. మోటారును సర్వీసు సెంటరుకే పంపమంటే పంపవచ్చు గాని, పంపేముందు ఎండ్ కవర్ల బోల్టుల మీద రంగు చుక్కలు పెట్టి ఫొటో తీసి, సీరియల్ నంబరు, ‘విప్పని స్థితిలో’ అన్న మాట ఉన్న రసీదు తీసుకోండి. విప్పేటప్పుడు మీరు రాలేకపోతే వీడియో తీసి పంపమని అడగండి.

వైండింగు చెప్పే సాక్ష్యం

తిరస్కరణ లేఖల్లో ఎక్కువగా కనిపించే కారణాలు మూడు: ఒక ఫేజు పోయింది, ఓవర్‌లోడ్ చేశారు, నీళ్లు చేరాయి. వీటిలో ఏది నిజమో మాడిన వైండింగే చాలావరకు చెబుతుంది కాబట్టి, మోటారు విప్పే గంటలో మీరు అక్కడ ఉండి చూడవలసింది ఇదే.

నడుస్తుండగా ఒక ఫేజు పోతే మిగిలిన వైండింగు మీద భారమంతా పడుతుంది. స్టార్ కనెక్షన్ మోటారులో రెండు ఫేజుల చుట్టలు నల్లబడి మూడోది శుభ్రంగా మిగులుతుంది. డెల్టాలో ఒక ఫేజు చుట్టలు మాడి రెండు బాగుంటాయి. ఆ మాడిన చుట్టలు స్టేటరు (మోటారులో తిరగని బయటి భాగం) చుట్టూ సమానమైన ఎడంతో, ఒక క్రమంలో కనిపిస్తాయి. ఓవర్‌లోడ్ వల్ల గాని గాలి ఆడక గాని వేడెక్కితే మూడు ఫేజులూ ఒకేలా ముదురు రంగుకు తిరుగుతాయి. గుంటూరు మిర్చి మిల్లుల్లో ఫ్యాన్ కవరు నిండా కారం పొడి పేరుకుని మోటార్లు ఇలా పోతుంటాయి. సాధారణ మోటార్లను 40 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతకు రూపొందిస్తారు. రోహిణీ కార్తెలో మన రేకుల షెడ్డు కింద వేడి దాన్ని దాటిపోతుంది కనుక ఈ వాదనను తేలిగ్గా తీసుకోకండి. ఇక వైండింగంతా కొత్తదానిలా ఉండి, ఒకే చుట్టలోనో ఒకే స్లాటు (తీగ కూర్చునే గాడి) అంచునో చిన్న చోట కరిగి నల్లబడి ఉంటే, అది తీగల మధ్య షార్టు. తయారీలో తీగ పూత గీసుకుపోయినా, స్లాటు కాగితం సరిగా కూర్చోకపోయినా ఇలా జరుగుతుంది. వోల్టేజి ఒక్కసారిగా ఎగసినా జరగవచ్చు కాబట్టి ఇది తిరుగులేని రుజువు కాదు, అయినా కొన్నవాడి పక్షాన ఇంతకంటే బలమైన ఆనవాలు లేదు. అది కనిపిస్తే అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి, ఇంజినీరు పరిశీలన నివేదికలో ఆ మాట రాయించండి. కారణం ఏమీ రాయని నివేదిక మీద సంతకం పెట్టకండి. పెట్టవలసి వస్తే ‘నివేదికతో ఏకీభవించడం లేదు’ అని పక్కన రాసి పెట్టండి.

ఫేజు పోయిందని వాళ్లు పట్టుబడితే కరెంటు మీటరును అడగవచ్చు. త్రీ ఫేజ్ ఎలక్ట్రానిక్ మీటర్లు చాలావరకు ఏ ఫేజు వోల్టేజి ఎప్పుడు పోయిందో తేదీ, సమయంతో నమోదు చేసుకుంటాయి. ఆ వివరాల కోసం మన కరెంటు పంపిణీ సంస్థ ఏపీసీపీడీసీఎల్‌లో మీ సెక్షన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారికి సర్వీసు నంబరుతో అర్జీ పెట్టండి. మీటరు దాటిన తర్వాత మీ షాపులోనే ఒక ఫ్యూజు పోయి ఉంటే అది ఈ రికార్డులో కనిపించదు. అందుకే మొదటి రోజున మూడు ఫ్యూజులకూ ఫొటోలు తీయమన్నాను. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగినటువంటి మోటార్ల సంగతి వేరు. అవి బీమాలో చూసుకోవలసినవి, వారంటీలోకి రావు.

కాదంటే

తిరస్కరణను కారణంతో సహా రాతపూర్వకంగా తీసుకుని, ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. వాళ్లు ఆదేశాలు ఇవ్వలేరు గాని, ఫిర్యాదును కంపెనీ దృష్టికి తీసుకెళతారు. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది.

అక్కడ ఎదురయ్యే మొదటి అభ్యంతరం, వ్యాపారం కోసం కొన్నవాడు వినియోగదారుడు కాడన్నది. చట్టంలో ఆ మాట ఉంది. దానికి మినహాయింపు కూడా ఉంది. స్వయం ఉపాధితో తన జీవనోపాధి కోసమే కొని తానే వాడుకునే వస్తువును వ్యాపార ప్రయోజనంగా లెక్కించరు. 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ కొనుగోలుదారుకు అనుకూలంగా తీర్పు ఇవ్వలేదు గాని, తాను నడుపుకోవడానికి లేత్ కొన్నవాడు వినియోగదారుడేనని, ఒకరిద్దరిని సాయానికి పెట్టుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదని అదే తీర్పులో స్పష్టంగా చెప్పింది. కాబట్టి మీరే లేత్ మీద నిలబడి పని చేస్తున్నారని, అదే మీ కుటుంబానికి ఆధారమని ఫిర్యాదులోనే రాయండి. పదిహేను మంది పనివాళ్లున్న యూనిట్‌కు ఈ దారి కష్టం. వాళ్లు 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం కింద సివిల్ కోర్టుకు వెళ్లడం గురించి న్యాయవాదిని అడగడం మంచిది.

కంపెనీ కోయంబత్తూరులో ఉన్నా, మీరు నివసించే లేదా పని చేసుకునే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. వివాదానికి కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు అయితే రుసుము లేదు, న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు. ఎదుటి పక్షానికి జవాబు ఇవ్వడానికి 30 రోజులు, కమిషన్ అనుమతిస్తే మరో 15 రోజులు ఉంటాయి. పరీక్ష లేకుండా లోపం తేలదనుకుంటే కమిషన్ ఆ వస్తువుకు సీలు వేయించి ప్రయోగశాలకు పంపగలదు. ఆ ఖర్చును ముందుగా ఫిర్యాదుదారు జమ చేయాలి. మోటారును కంపెనీ విప్పి వెనక్కి ఇచ్చినా సరే, మాడిన తీగను, పాత బేరింగులను పాత ఇనుముకు వేయకుండా కేసు ముగిసేవరకు సంచిలో కట్టి దాచండి. కంపెనీ మోటారు మార్చి ఇస్తే, కొత్తదానికి వారంటీ మళ్లీ మొదటినుంచి మొదలవుతుందో, పాతదానిలో మిగిలిన రోజులే వర్తిస్తాయో డెలివరీ చలానా మీద రాయించుకున్న తర్వాతే సంతకం చేయండి.