గిండీ కృష్ణజింకలకు జన్యు మార్కర్లు: పని పెంటికలతో మొదలు

చెన్నై గిండీ జాతీయ ఉద్యానం మూడు చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు, చుట్టూ ఊరే. బయటి జింక వచ్చి కలిసే వీల్లేదు కనుక లోపలివన్నీ చుట్టాలే అనుకుని మార్కర్లు (ఒక్కో జింకను వేరుగా గుర్తుపట్టే డీఎన్‌ఏ ముక్కలు) ఎంచాలి. కృష్ణజింక 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు జంతువు. పెంటిక ఏరాలన్నా ముందు అటవీశాఖ అనుమతి కాగితం చేతిలో ఉండాలి.

తెల్లవారగానే వెళ్ళి, తడి మెరుపు ఆరనివే తీయండి, కుప్పకు ఐదారు. మగజింకలు పదేపదే వేసే పెద్ద దిబ్బల జోలికి పోవద్దు, రెండు జింకల డీఎన్‌ఏ కలిసిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. పేగు కణాలుండే పై పొరే కొట్టుకుపోతుంది. పెంటికలు మునిగి మూడింతలు పైకి నిలిచేలా 95 శాతం ఇథనాల్ పోయండి. తేమ పీల్చే సిలికాజెల్ వాడితే అది ఈ ఊరి ఉక్కలో త్వరగా రంగు మారుతుంది, మార్చుతూ ఉండాలి.

ల్యాబులో నిగనిగలాడే పై పొరే గీకండి. లోపలిదంతా గడ్డి, పీసీఆర్‌ను (డీఎన్‌ఏ ముక్కకు లక్షల నకళ్ళు తీసే చర్యను) అడ్డుకునే సరుకు. పీసీఆర్‌లో బీఎస్‌ఏ అనే ఆవు రక్తపు ప్రోటీను కలిపితే కొంత తట్టుకుంటుంది. ప్రతి విడతలో పెంటిక లేని ఖాళీ ట్యూబు ఒకటి నడపండి, బయటి డీఎన్‌ఏ కలిస్తే తెలుస్తుంది. ఉద్యానంలో దుప్పులూ మేస్తాయి. ముందు మైటోకాండ్రియా డీఎన్‌ఏ పొట్టి ముక్కతో జాతి తేల్చుకోకపోతే తర్వాతి లెక్కంతా వృథా.

ఆవు, గొర్రె, మేకల మైక్రోశాటిలైట్లు (కొన్ని అక్షరాలే పదేపదే వచ్చే డీఎన్‌ఏ చోట్లు) 25 దాకా పరీక్షించండి, కృష్ణజింకా ఇవీ ఒకే కుటుంబం. చాలావరకు పనిచేస్తాయి, కానీ ఆవులో రకరకాలుగా కనిపించిన లోకస్ (డీఎన్‌ఏలో ఒక చోటు) జింకలో ఒకే అల్లీల్ (ఆ చోటి రూపం) చూపించి నిరాశపరచవచ్చు. ప్రైమర్ (పీసీఆర్ మొదలుపెట్టే పొట్టి డీఎన్‌ఏ ముక్క) అతకని చోట నల్ అల్లీల్, అంటే ఉన్నా కనబడని అల్లీల్, వస్తుంది. హెటిరోజైగోట్లు (రెండు వేర్వేరు అల్లీళ్ళున్నవి) అనుమానంగా తగ్గితే ఆ ప్రైమర్ మార్చండి. డబ్బుంటే ఒక కణజాల నమూనాను తక్కువ లోతులో సీక్వెన్స్ చేసి (డీఎన్‌ఏ అక్షరాలను పైపైన చదివి), నాలుగక్షరాల రిపీట్లు వెతకండి. రెండక్షరాలవి స్టటర్‌తో (పీసీఆర్‌లో జారి వచ్చే నకిలీ గుర్తులతో) చదవడం కష్టం. ముక్క 200 బేస్‌లు (అక్షరాలు) దాటితే పెంటిక డీఎన్‌ఏ విరిగిపోయి ఉండి సరిగా రాకపోవచ్చు.

రక్తంలో బాగా వచ్చిందని మురిసిపోకండి, పరీక్ష పెంటికపైనే. ఒక అల్లీల్ జారిపోతే హెటిరోజైగోట్ హోమోజైగోట్‌లా (రెండు అల్లీళ్ళూ ఒకటే అయినదానిలా) కనిపిస్తుంది; లేని జింకను లెక్కలోకి తెచ్చిపెడుతుంది. అందుకే హెటిరోజైగోట్‌కు ప్రతి అల్లీల్ రెండుసార్లు, హోమోజైగోట్‌కు ఒకే ఫలితం మూడు వేర్వేరు పీసీఆర్‌లలో రావాలి. చివరికి మిగిలిన లోకస్‌లన్నీ కలిపి, తోడబుట్టినవి ఒకేలా కనిపించే సంభావ్యత 0.01 లోపు ఉండాలి. దాటితే లోకస్‌లు పెంచండి, నమూనాలు కాదు.